రేవులో మిషను

పొద్దున్నే అరుగు కడిగి, ముగ్గు పెట్టి, బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, దాని మీద వేలిముద్రల మిషను పెట్టి, తలుపు పక్కనున్న ‘బ్యాంక్ మిత్ర’ బోర్డును తడిగుడ్డతో తుడిచేదాకా నాగేశ్వరి ఎవరితోనూ మాట్లాడదు. అదంతా అయ్యాక కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తుంది. ఈమధ్య ఆ చూడడమే ఆమె ప్రాణం మీదికొచ్చింది. ఆడవాళ్ళు గేటు ముందు నుంచే పోతున్నారు. కానీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కళ్ళకీ ఎదురింటి గోడ మీద ఏదో ముఖ్యమైన సంగతి కనపడుతోంది. తలలు అటు తిప్పుకుని గబగబా గోదారి రేవు వైపు నడిచిపోతున్నారు.

"ఏం బుల్లెమ్మా, ఎక్కడికీ?" అని కేకేసింది నాగేశ్వరి.

లేసు అల్లి అల్లి నడుము వంగిపోయిన బుల్లెమ్మ దొంగతనం బయటపడ్డట్టు ఆగింది. "ఎక్కడికీ లేదండి అమ్మగారూ. వంకాయలకండి."

"వంకాయలకి ఆధార్ కార్డెందుకూ?"

బుల్లెమ్మ తన చేతిలోకి తనే వింతగా చూసుకుంది. "ఆయ్, ఇదాండీ? ఊరికే అండి. చేతిలో ఉండిపోయిందండి. ఎల్లొస్తానండి." కార్డుని కొంగులో దోపుకుని, వంకాయలు అయిపోతాయన్నంత తొందరగా వెళ్ళిపోయింది.

నాగేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఆ వంకాయలు రేవులో ఎవరి దగ్గర దొరుకుతాయో ఆమెకు తెలియనిది కాదు. రేవులో మిషను పెట్టుకు కూర్చున్న ఫణిశ్రీ పైమనిషి అయినా ఇంత మంట ఉండేది కాదు. ఆ పిల్ల తన సొంత తోటికోడలు. మిషను ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది తనే. మిషను ఇచ్చే కంపెనీ కాగితాల మీద చోటు ఎక్కడని అడిగితే ‘పంచాయితీ వీధి’ అని రాయించిందీ తనే. ఆ వీధికి మనుషులు రారని తెలిసే రాయించింది. ఆ పిల్ల నాలుగు రోజులు అక్కడ ఈగలు తోలుకుని, ఎవరికీ చెప్పాపెట్టకుండా స్టూలు ఎత్తుకెళ్ళి రేవులో వేసుకుంది.

పదింటికి శశిభూషణ్ వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో వేలిముద్ర మీద ఖాతాల డబ్బు ఇచ్చి పుచ్చుకునే బ్యాంక్ మిత్రలందరినీ కంపెనీ తరఫున చూసుకునే ఆఫీసరు. బండి గేటు బయట ఆపి, బూట్లు విప్పి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చి కూర్చున్నాడు. నాగేశ్వరి ఇచ్చిన కాఫీ అందుకున్నాడు గానీ తాగలేదు. మంచి కబురు కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

"పైవాళ్ళు నడవని పాయింట్లన్నీ ఈ నెలాఖరుకి తీసేస్తున్నారండి. కంపెనీకి నష్టమంటున్నారు. మీది కూడా అందులో ఉంది."

"ఆరేళ్ళ నుంచి చేస్తున్నానండీ నేను!"

"కంపెనీకి ఏళ్ళు కనపడవు కదండీ. రోజుకి ఎంతమంది వేలు పెట్టారన్నదే కనపడుతుంది. మీ దగ్గరేమో మధ్యాహ్నం అయ్యేసరికి డబ్బుండదు. రేపు రమ్మంటారు. ఆ రేపు వాళ్ళు ఇంకోచోటికి పోతారు."

"నరసాపురం బ్యాంకుకి బస్సులో వెళ్ళి తెచ్చుకోవాలా, వద్దా? నేనేమన్నా ఇంట్లో అచ్చు వేస్తున్నానా?"

"మరి రేవులో ఫణిశ్రీ గారికి ఎలా సరిపోతోందండీ? ఆవిడ డబ్బు కోసం బ్యాంకుకి వెళ్ళగా నేనెప్పుడూ చూడలేదు. మీ వాళ్ళే కదా, ఒకసారి వెళ్ళి కనుక్కోరాదూ?" అన్నాడతను. మంచిమాట చెప్పాననే అనుకున్నాడు పాపం. తర్వాత తన గోడు ఎత్తుకున్నాడు. కాగితాల్లో రాసిన చోట కూర్చోకపోతే మిషను ఆపేయాలని కొత్త రూలు వచ్చిందట. ఎవరో ఫోన్ చేసి చెప్పారని మొన్న పక్క మండలంలో ఒకతని మిషను లాక్ అయిపోయిందట. "నా దాకా కూడా రాదండి. పై నుంచే నొక్కేస్తారు."

నాగేశ్వరి బల్ల అంచు మీద లేని మరకని వేలితో తుడిచింది. "అలా ఫోన్ చేసినవాళ్ళ పేరు బయటికొస్తుందాండీ?"

"రాదండి."

మధ్యాహ్నం ఆమెకు ముద్ద దిగలేదు. పౌరోహిత్యం చేసే ఆమె భర్త సూర్యప్రకాశం సంగతంతా విని, "ఫణి బాగుపడితే నీకేం? మన తమ్ముడి భార్యేగా," అన్నాడు చారు జుర్రుకుంటూ.

"నాకేం? నాకేమీ లేదు," అని మజ్జిగ వడ్డించింది నాగేశ్వరి. సగం మజ్జిగ విస్తరి దాటి నేల మీద పడింది.

మర్నాడు తమలపాకులు కావాలన్న వంకతో ఆమె రేవుకి వెళ్ళింది. తమలపాకులు వీధి మొదట్లోనే దొరుకుతాయి.

రేవులో పంటు అప్పుడే అవతలి ఒడ్డు నుంచి వచ్చి ఆగింది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు అందరూ ఒకేసారి దిగుతున్నారు. టీ బడ్డీ పక్కన నీలం పట్టా కింద ఫణిశ్రీ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. బల్ల లేదు, బోర్డు లేదు. మిషను ఒళ్ళో పెట్టుకుంది. భుజం మీద ఒక పాత తువ్వాలు. ఆమె చుట్టూ ఆడవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర చేపల బుట్టలు. నాగేశ్వరి బడ్డీ వెనక నిలబడి చూసింది.

పొద్దున్నే చేపలు కొనుక్కుని నరసాపురం వీధుల్లో అమ్ముకుని వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళు. మిగిలిన నాలుగు చేపలూ బుట్టలోనే ఉన్నాయి, డబ్బు రొంటిన ఉంది. వాళ్ళల్లో గట్టి గొంతు సత్యకుమారిది. "నా డబ్బులు ముందు ఎయ్యండి ఫణమ్మగారూ, దగ్గరుంటే మా ఆయన కంటబడతాయి," అంటూ తడిసిన నోట్లు తీసి ఇచ్చింది. ఫణిశ్రీ అవి అందుకుని, ఒక్కొక్క నోటూ తువ్వాలు మీద అద్ది, సత్యకుమారి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ వేళ్ళకి పొలుసులు అంటుకుని ఉన్నాయి. వాటిని గోటితో తీసింది. తువ్వాలుతో తుడిచింది. బొటనవేలుని తన రెండు అరచేతుల మధ్య పెట్టి, చలికాలంలో పసిపిల్లల కాళ్ళు రుద్దినట్టు రుద్దింది. అప్పుడు ఆ వేలుని తనే పట్టుకుని మిషను అద్దం మీద ఆనించి మెల్లగా అదిమింది. మిషను కూత పెట్టింది. మాటలు మాత్రం ఆగలేదు, ఎవరి కోడలు పురిటికి వెళ్ళిందో, ఏ చేప ఎంతకి పోయిందో నవ్వుల మధ్య నడుస్తూనే ఉన్నాయి.

సత్యకుమారి ఇచ్చిన ఆ నోట్లే, తడి ఆరకముందే, వెనకాల గోనెసంచి మీద కూర్చున్న బుల్లెమ్మ చేతిలోకి వెళ్ళాయి. వేసేవాళ్ళు వేస్తుంటే తీసేవాళ్ళు తీసుకుంటున్నారు. బ్యాంకూ అక్కర్లేదు, బస్సూ అక్కర్లేదు.

‘ఇంతేనా!’ అనుకుంది నాగేశ్వరి. ఇంత చిన్న సంగతి ఆరేళ్ళలో తనకెందుకు తట్టలేదన్న ఆలోచన రాబోతే దాన్ని అవతలికి తోసేసింది. చేపల బుట్టలతో తన అరుగెక్కడానికి వీల్లేదని మొదటిరోజే చెప్పింది తను. బుట్ట గేటు బయట పెట్టి, కాళ్ళు కడుక్కుని రమ్మంది. మొదట్లో ఒకరిద్దరు వచ్చారు కూడా. దూరంగా నిలబడి, "తుడుచుకో. గట్టిగా నొక్కు. ఇంకా గట్టిగా," అని చెప్పేది. మిషను తీసుకునేది కాదు. మీ వేళ్ళు అరిగిపోయాయి, నరసాపురం బ్యాంకుకే పొండి అని పంపేసింది. ఇదిగో, ఆ అరిగిపోయిన వేళ్ళే ఇక్కడ ఒక్క నొక్కుకి పడుతున్నాయి.

"అక్కయ్యా!" ఫణిశ్రీ చూడనే చూసింది. ముఖం విప్పారింది. "ఎండలో నిలబడ్డారేంటి, రండి రండి." బడ్డీ వైపు తిరిగి, "ఏవండీ, మా అక్కయ్యకి మంచి టీ ఇవ్వండి. పంచదార తగ్గించి." స్టూలు మీంచి లేచి, స్టూలు తుడిచి, ఇటు జరిపింది. ఆడవాళ్ళంతా మాటలాపి పక్కకి తప్పుకున్నారు. బుల్లెమ్మ వంకాయల్లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాలిక్కరుచుకుంది.

"తమలపాకులకొచ్చాను," అంది నాగేశ్వరి. ఆ పిల్ల మొహంలో గొప్ప కోసం వెతికింది. దొరకలేదు. దొరికి ఉంటే తిట్టుకోడానికి కాస్త ఆధారం ఉండేది. టీ తాగకుండానే వచ్చేసింది. దారి పొడుగునా ఆమెకు ఆ నవ్వులే చెవుల్లో. తన అరుగు మీద ఆరేళ్ళలో ఎవరూ అలా నవ్వలేదు. పని చూసుకుని, దణ్ణం పెట్టి, చెప్పులు వేసుకుని పోయేవాళ్ళు. అది మర్యాద అనుకుంది తను.

ఇంటికొచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళి కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో అమ్మాయి ఎంతో వినయంగా అడిగి, చెప్పిందల్లా రాసుకుంది. "అవునండి. పంచాయితీ వీధిలో ఉండాలి. రేవులో కూర్చుంటోంది," అంది నాగేశ్వరి. ఇంకేమైనా చెబుతారా అంటే, ఏమీ లేదంది. ఫోన్ పెట్టేశాక కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి, పోపులోకి అక్కర్లేని రెమ్మలన్నీ తుంపి పోసింది. భయమూ వేసింది, హాయిగానూ ఉంది. ఆ రాత్రి అన్నం మాత్రం బాగానే తింది.

శనివారం పొద్దున్న బోర్డు తుడుస్తుంటే ఫణిశ్రీ గేటు తీసుకుని వచ్చింది. తల సరిగా దువ్వుకోలేదు.

"నా మిషను లాక్ అయిపోయిందక్కయ్యా. ఎవరో కంప్లైంట్ ఇచ్చారట."

"అయ్యో!" అంది నాగేశ్వరి. గొంతు తను అనుకున్నదానికన్నా కాస్త పెద్దగానే వచ్చింది. "ఎవరికేం పోయేకాలం!"

ఫణిశ్రీ ఆమె వైపు ఒక క్షణం చూసింది. "అదలా ఉంచండి. ఇవాళ లేసు కూలి ఖాతాల్లో పడింది. నా వాళ్ళందరినీ ఇక్కడికి పంపిస్తున్నాను. నేను కూడా ఉండి సాయం చేస్తాను. మీరొక్కరూ తట్టుకోలేరు."

‘నా వాళ్ళు’ అన్న మాట నాగేశ్వరికి పుండు మీద కారం జల్లినట్టే ఉంది. అయినా సరేనంది.

వాళ్ళు వచ్చారు. లేసు అల్లే ఆడవాళ్ళు వీధి నిండా వచ్చారు. గేటు మూయడానికి కూడా వీల్లేకపోయింది. అరుగు నిండిపోయి, మెట్లు నిండిపోయి, చెప్పులు కాలవ గట్టుదాకా పరుచుకున్నాయి. ఒక్క గంటసేపు నాగేశ్వరికి కడుపు నిండిపోయింది. ఎదురింటి గోడ మీద ఎవరికీ ఏమీ కనపడలేదు ఇవాళ. మిషను కూత మీద కూత పెడుతోంది. నెలాఖరు భయం పోయింది, బోర్డు తలుపు పక్కనే ఉంటుంది, శశిభూషణ్ ఈసారి కాఫీ తాగుతాడు.

గంట తిరిగేసరికి డ్రాయరు ఖాళీ అయింది.

"డబ్బు లేదు. సోమవారం రండి," అంది అలవాటు కొద్దీ. ఎవరూ కదల్లేదు. "సోమవారం దాకా ఏం తింటామండి?" అంది ఎవరో వెనక నుంచి. బుల్లెమ్మ మెట్టు మీద కూలబడి, "ఫణమ్మగారైతే ఇచ్చేవోరు," అని గొణిగింది. ఆ ముక్క అందరికీ వినిపించింది.

అప్పుడే గేటు అవతల చేపల బుట్టలు కనిపించాయి. సత్యకుమారీ, ఆమె వెనక మిగిలినవాళ్ళూ. లోపలికి రాలేదు. గేటుకి రెండు బారల అవతలే ఆగిపోయారు.

"లోపలికి రండి," అంది ఫణిశ్రీ.

"బుట్టలెక్కడ పెట్టమంటారండీ?" సత్యకుమారి అడిగింది ఫణిశ్రీని కాదు, నాగేశ్వరిని. గొంతులో ఎకసెక్కెం లేదు, నిజంగానే అడిగింది. "బయటెడితే కుక్కలు లాక్కుపోతాయండి. అప్పట్లో నా బుట్టలో పండుగప్ప పోయింది మీ గేటు కాడే. లోపలెడితే మీకు మడి. అందుకే మేం రావడం మానేశామండి."

కుక్కలు! ఆరేళ్ళుగా వాళ్ళు పొగరుతో రావడం లేదనుకుంది నాగేశ్వరి. వీధిలో అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. డ్రాయరు ఖాళీగా ఉంది. వాళ్ళ రొంటిన డబ్బుంది. లోపలి గదిలోంచి సూర్యప్రకాశం మంత్రం చదువుతున్న గొంతు వినిపిస్తోంది.

"అరుగు మీద పెట్టండి," అంది. తన నోటితోనే అన్నా ఎవరో అన్నట్టు వినిపించింది.

ముగ్గు మీద నుంచి బుట్టలు లోపలికొచ్చాయి. నీసు వాసన ఇల్లంతా అలుముకుంది. లోపల మంత్రం ఒకచోట తడబడి, ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. సత్యకుమారి వేలు పెట్టింది. మిషను తీసుకోలేదు. "తుడుచుకుని గట్టిగా నొక్కు," అంది నాగేశ్వరి చెయ్యి వెనక్కి పెట్టుకునే. తీసుకోలేదు. ఇంకోసారి. తీసుకోలేదు. ఫణిశ్రీ నేల మీద గొంతుక్కూర్చుని, తువ్వాలు తీసి, ఆ చెయ్యి అందుకుంది. మిషను కూసింది.

ఆ తర్వాత సాయంత్రందాకా అలాగే నడిచింది. వేళ్ళు తుడిచి పెట్టించడం ఫణిశ్రీది, మీటలు నొక్కడం నాగేశ్వరిది. డబ్బు ఇటు వచ్చి అటు పోయింది. ఎవరూ ఉత్తచేతులతో వెళ్ళలేదు. అందరూ వెళ్ళేముందు నాగేశ్వరికి దణ్ణం పెట్టారు, ఫణిశ్రీతో మాట్లాడారు. "సోమారం రేవులో ఉంటారా ఫణమ్మగారూ?" అని అడగని మనిషి లేదు. తన ఇంట్లో, తన బోర్డు కింద, తన కుర్చీలో కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నదో నాగేశ్వరికే తెలుసు. బంధువుల పెళ్ళికి వంటకి వెళ్ళినదానిలా అనిపించింది.

జనం తగ్గాక రోజు పని ముగించాలంటే ఆమె కూడా తన వేలు పెట్టాలి. పెట్టింది. మిషను తీసుకోలేదు. పొద్దుటి నుంచి నోట్లు, తడి, చెమట. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తీసుకోలేదు. "గట్టిగా నొక్కుతూనే ఉన్నానే!" అంది ఉక్రోషంగా.

"గట్టిగా నొక్కకూడదక్కయ్యా. గట్టిగా నొక్కితే గీతలు అణిగిపోతాయి." ఫణిశ్రీ వచ్చి ఆమె చెయ్యి తీసుకుంది. తుడిచింది, రుద్దింది, వేలుని మెత్తగా ఆనించింది. ఆ పిల్ల చేతులకి చేపల వాసన వేస్తోంది, వెచ్చగా ఉన్నాయి. నాగేశ్వరి చెయ్యి వెనక్కి లాక్కుందామనుకుంది గానీ లాక్కోలేదు. మిషను కూసింది. ఆ చెయ్యి కోసం వాళ్ళంతా రేవుదాకా ఎందుకు నడిచిపోతారో అప్పుడు ఆమెకు తెలిసింది. తెలిసినందుకు ఇంకా కుళ్ళుగా అనిపించింది.

ఫణిశ్రీ బకెట్టు, చీపురూ తెచ్చి నీసు పోయేలా అరుగు కడగడం మొదలుపెట్టింది. అంతలో శశిభూషణ్ ఫోన్.

"అదరగొట్టేశారండీ! పైవాళ్ళు ఇప్పుడే చూసి ఫోన్ చేశారు. ఇలా నడిస్తే మీ పాయింటుకి ఢోకా లేదు. రేవుది రద్దుకి పెడుతున్నారు. ఒక్క మాట కావాలట, దగ్గర్లో ఉన్న మిత్రగా మీరు చెబితే చాలు. ఆవిడ తన చోటు వదిలేసి రేవులో కూర్చుంటున్న మాట నిజమేనా?"

నీళ్ళు అరుగు మీంచి జారి మెట్లు దిగుతున్నాయి. ఫణిశ్రీ వంగి చీపురుతో మూలల్లోంచి పొలుసులు తీస్తోంది. నిజమే అంటే చాలు. బోర్డు ఉంటుంది, ఊరికంతా ఒక్కటే బోర్డు ఉంటుంది. సోమవారం నుంచి అందరూ ఇక్కడికే వస్తారు. వచ్చి, ఈ కుర్చీ ముందు నిలబడి, ఫణమ్మగారేరీ అని అడుగుతారు. రేపూ అడుగుతారు, వచ్చే ఏడూ అడుగుతారు.

"రేవు కూడా పంచాయితీ వీధిలోకే వస్తుందండి," అంది నాగేశ్వరి. "వీధి అక్కడిదాకా ఉంది. ఆవిడ తన చోటులోనే ఉంది."

"అలా రాసేస్తే వాళ్ళంతా మళ్ళీ అక్కడికే పోతారండి. ఈ ఒక్కరోజు లెక్కతో మీ పాయింటు నిలబడదు. చూసుకోండి మరి."

"రాసుకోండి."

ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె ఎదురుచూసింది. పోనీ ఇప్పుడైనా ఆ పిల్ల తన దగ్గరికొచ్చి ఒక మంచి మాట అంటుంది. అంత పెద్ద మాట ఇచ్చాక, వదులుకోరానిది వదులుకున్నాక, ఆ మాత్రం తనకి రావాలి.

ఫణిశ్రీ బకెట్టు బోర్లించి, చీపురు మూల పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నా కాగితాల్లో పంచాయితీ వీధి అని ఉన్నట్టు ఊళ్ళో ఎవరికీ తెలీదక్కయ్యా. మా ఆయనకి కూడా తెలీదు. మనిద్దరికే తెలుసు. పొద్దున్న లాక్ పడగానే అర్థమైంది."

నాగేశ్వరి కుర్చీలోంచి సగం లేచింది. "తెలిసీ... వాళ్ళందరినీ నా దగ్గరికే ఎందుకు పంపించావే?"

"మీ కోసం కాదక్కయ్యా," అంది ఫణిశ్రీ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ. "ఇవాళ శనివారం కదా. వాళ్ళు బియ్యం కొనుక్కోవాలి."

గేటు గడియ జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయింది. విసురుగా పెట్టినా బాగుండును, రెండు తిట్లు తిట్టినా బాగుండును అనుకుంది నాగేశ్వరి. ఇన్నాళ్ళూ తను పొద్దున లేచింది మొదలు ఆ పిల్లనే తలుచుకుని రగిలిపోయింది. ఆ పిల్లకి తన మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు.